నూనె పారబోయలేని ఇంట్లో ఫ్రయ్యర్ ఎందుకు?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్నొక ఫోటో వచ్చింది. కరెంటుతో నూనె కాచే స్టీలు డీప్ ఫ్రయ్యర్, బుట్ట, మూత అన్నీ ఉన్నాయి. కింద ఒక లైను: "రెండు మూడుసార్లే వాడినాం, సగం ధరకు ఇచ్చేస్తాం." సెకండ్‌హ్యాండ్ సామాన్ల గ్రూపులు చూసేవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. మిక్సీలు, గ్రైండర్లు బాగా అరిగిపోయాక అమ్మకానికి వస్తాయి. ఫ్రయ్యర్లు మాత్రం కొత్తగా ఉండగానే వస్తాయి. ఆ సాయంత్రమే పై ఫ్లోర్‌లో ఉండే అక్క ఫోన్ చేసింది. "నీ దగ్గర ఉంది కదా, బాగానే వాడుతుంటావు. తీసుకోమంటావా వద్దంటావా, ఒక్క మాటలో చెప్పు" అంది. ఒక్క మాటలో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఫ్రయ్యర్ మంచి వస్తువు. కొనేముందు అందరం వాట్లు, బుట్ట సైజు, బ్రాండ్ చూస్తాం. అంతకన్నా ముందు చూసుకోవాల్సింది నూనె విషయంలో మన ఇంటి అలవాటును. ఒకసారి కాగిన నూనెను వారాల తరబడి దాచుకునే ఇల్లైతే ఫ్రయ్యర్ వద్దు, బాండలే మేలు. పండగలకు కూర్చుని నాలుగు రకాలు కాల్చుకునే ఇల్లై, పని అయిపోయిన నూనెను వదిలేయగలిగితే మాత్రం ఇది నిజంగా చేతికి అందివచ్చే మిషన్.

కింది గీత దగ్గరే అసలు లెక్క

ఇళ్ళల్లో వాడే ఫ్రయ్యర్లు ఎక్కువగా లీటరున్నర నుంచి మూడు లీటర్ల దాకా నూనె పట్టేవి. గిన్నె లోపల రెండు గీతలుంటాయి. కింది గీత కన్నా తక్కువ పోస్తే, నూనెలో మునిగి ఉండాల్సిన కాయిల్ పైకి తేలుతుంది. తేలిన చోట విపరీతంగా వేడెక్కుతుంది. కాయిల్ పాడవడం ఒకటి, మంట అంటుకునే ప్రమాదం ఇంకొకటి. పై గీత దాటి పోస్తే తడి పిండి పడగానే నురగ పొంగి గట్టు మీదికి వస్తుంది. అంటే ఇద్దరు మనుషులు నాలుగు బజ్జీలు వేసుకోవాలన్నా కింది గీత దాకా నూనె పోయాల్సిందే. బాండలిలో ఉన్న వెసులుబాటు ఇందులో లేదు.

మా అత్త దీన్ని మొదటిసారి చూసినప్పుడు అడిగింది కూడా ఇదే. నేను ప్యాకెట్లు కత్తిరించి పోస్తుంటే పక్కనే నిలబడి, "అంత నూనె ఒకేసారి పోస్తా ఉండావు, రేపు దాన్నేం చేస్తావు పాపా?" అంది.

"వడకట్టి పెట్టుకుందాం అత్తా" అన్నాను.

"ఎన్ని దినాలు పెట్టుకుంటావు?"

ఫ్రయ్యర్ గురించి ఇంతకన్నా మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆమెది పుంగనూరు పక్క పల్లె, చెనిక్కాయ పండించిన కుటుంబం. లీటరు నూనె దిగాలంటే గానుగలో రెండు కిలోలకు పైనే పప్పులు పోయాలి, ఆ పప్పులకు మూడు కిలోల దాకా కాయలు వలవాలి. వాన పడితేనే పండే చేలు. అలాంటి మనిషి ముందు నూనె పారబోయడం గురించి మాట్లాడటం తేలిక కాదు. నూనె దాచుకునేవాళ్ళను పిసినారులని తీసిపారేసే వీడియోలు చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ పొదుపు వెనక చెమట ఉంది.

అయినా ఆ పొదుపు బాండలికే సరిపోతుంది, ఫ్రయ్యర్‌కు సరిపోదు. చిన్న బాండలిలో అరలీటరు పోసి, వడలు కాల్చి, అడుగున మిగిలిన కాస్త నూనెను మర్నాడు కూరలకు, తాలింపులకు వాడేయడం అత్త పద్ధతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చెప్పేది కూడా దాదాపు ఇదే. వేపుళ్ళకు ఒకసారి వాడిన నూనెను వడకట్టి కూరల్లో వాడుకోవచ్చు. మళ్ళీ వేపుళ్ళకు వాడొద్దు. అలా వాడేది కూడా ఒకటి రెండు రోజుల్లో అవగొట్టాలి. మిగిలింది గిద్దెడైతే ఇది కుదురుతుంది. లీటరున్నర మిగిలితే ఎంత పెద్ద కుటుంబమైనా రెండు రోజుల్లో అవగొట్టలేదు.

ఫ్రయ్యర్లు అటకెక్కడానికి కారణం ఇదేనని నా నమ్మకం. చంద్రగిరిలో మా బంధువుల ఇంట్లో చూశాను. దీపావళికి మురుకులు కాల్చి, నూనె అందులోనే ఉంచి మూత పెట్టేశారు. సంక్రాంతికి మూత తీస్తే ముక్కవాసన గుప్పుమంది. గిన్నె గోడకు నూనె మట్టం వెంబడి చుట్టూతా గోధుమరంగు బంక పట్టి ఉంది. గోటితో గీకితే గోరు జారుతుందే తప్ప అది ఊడి రాలేదు. "ఒకసారి బాగా కాగితే వాసన పోతుందిలే" అన్నాడు మామ. కాగితే ఆ వాసన కాసేపు పలచబడుతుంది. నూనె మాత్రం బాగుపడదు, ఇంకొంచెం చెడుతుంది. పారబోయడానికి మనసొప్పక, తినడానికి ధైర్యం చాలక, ఆ గిన్నెను అలాగే మళ్ళీ మూత పెట్టి పక్కన పెట్టారు. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

మాన్యువల్ లెక్క మన బజ్జీలకు కుదరదు

"మాన్యువల్లోనే ఎనిమిది పదిసార్లు వాడొచ్చని రాసి ఉంది కదా" అని కొందరంటారు. కొన్ని మాన్యువళ్ళలో అలా ఉన్న మాట నిజమే. కానీ ఆ లెక్క వేసింది ఫ్రోజెన్ ఉర్లగడ్డ చిప్స్‌ను దృష్టిలో పెట్టుకుని. చిప్స్ నూనెలో పడి, వేగి, బయటికొస్తాయి. అడుగున పెద్దగా ఏమీ మిగలదు.

మనం వేసేవి అలాంటివి కావు. మిరపకాయ బజ్జీ నూనెలోకి వదిలేటప్పుడు చూడండి. వేలి కొస నుంచి జారిన శెనగపిండి చుక్కలు విడిగా పడి, బజ్జీ ఎర్రబడేలోపే గోధుమరంగు గింజలై, అక్కడి నుంచి నల్లగా మాడుతాయి. పకోడాలో ఎర్రగడ్డ పాయలు విడిపోయి తేలుతాయి. పిండిలో ఉప్పు, కారం, వాము, పైగా బోలెడు నీళ్ళు. ఇవన్నీ నూనెకు శత్రువులే. నీళ్ళు, వేడి కలిస్తే నూనె విడిపోయి ఫ్యాటీ ఆసిడ్లు బయటపడతాయి, దాంతో ముందుకన్నా తక్కువ వేడికే పొగ రావడం మొదలవుతుంది. గాలి తగిలి ఆక్సీకరణ జరుగుతుంది, ముక్కవాసన దానిదే. వేడికి నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుని చిక్కబడతాయి. చంద్రగిరిలో గోడకు పట్టిన బంక అదే. అందుకే మాన్యువల్లో ఎనిమిదిసార్లు అని ఉన్నంత మాత్రాన బజ్జీలు వేసిన నూనెను ఎనిమిదిసార్లు కాచడం సరికాదని నేను గట్టిగా అంటాను.

దీనికి ఎదురు ప్రశ్న ఒకటి ఉంది, నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. హోటళ్ళలో రోజంతా అదే నూనెలో వేయిస్తారు కదా, ఇంట్లో రెండోసారి వాడితే కొంప మునుగుతుందా? జాగ్రత్తగా నడిపే హోటల్ ఫ్రయ్యర్‌లో పదార్థం పీల్చుకున్న నూనెకు బదులు ఎప్పటికప్పుడు కొత్త నూనె పడుతూ ఉంటుంది. ఫ్రయ్యర్ ఆగకుండా నడుస్తుంది. ఇంట్లో నూనె ఒకరోజు కాగి, చల్లారి, గాలి తగులుతూ వారాలు కూర్చుని, మళ్ళీ కాగుతుంది. ఆగకుండా వాడటం కన్నా ఇలా ఆగి ఆగి కాచడం నూనెను త్వరగా చెడగొడుతుంది. పైగా హోటళ్ళకు చట్టం ఉంది. వేపుడు నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె కాగి చెడేకొద్దీ పెరిగే పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. కొలవడానికి చేతిలో పట్టుకునే మీటర్లున్నాయి. ఆ నిబంధనను ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే చర్చ. మన వంటింట్లో మీటరు లేదు కాబట్టి కన్ను, ముక్కే దిక్కు.

రంగు ఒక్కటే చూసి తేల్చొద్దు. కారం పడిన నూనె మొదటిసారికే ఎర్రబడుతుంది, చెడిపోయిన నూనె కొన్నిసార్లు తేరుకుని కనబడుతుంది. చూడాల్సింది నురగను. మంచి నూనెలో పెద్ద బుడగలు లేచి టప్పున పగులుతాయి. చెడిన నూనెలో సన్నటి బుడగలు పైన తెట్టులా నిలిచిపోతాయి, వడ బయటికి తీసినా అణగవు. ముందు పొగ రాని వేడి దగ్గర ఇప్పుడు పొగ వస్తే, గంటెతో ఎత్తి పోస్తే ధార సాగినట్టుంటే, ఇంక ఆ నూనెతో పని అయిపోయింది.

మరి బాండలి చాలదా?

అత్తకు ఫ్రయ్యర్ అవసరం లేదు. చిటికెడు పిండి వేసి, అది అడుగుకు పోయి నింపాదిగా లేచిందా, పడీపడగానే తేలిందా చూసి మంట సరిచేస్తుంది. ఆ చేతికి ఫ్రయ్యర్‌లో వేడిని ఒకేలా నిలిపే థర్మోస్టాట్ నేర్పేదేమీ లేదు. కానీ ఆ చేయి అందరికీ ఉండదు. రెండో వాయి వేసేసరికి నూనె చల్లబడటం, మంట పెంచితే మూడో వాయికి మాడటం మనకు మామూలే. ఫ్రయ్యర్ గొప్పతనం ఇక్కడ కనిపిస్తుంది.

నిప్పట్ల సంగతే తీసుకుందాం. 180 డిగ్రీల దగ్గర వేస్తే పైన ఎర్రబడి లోపల మెత్తగా ఉంటాయి, మర్నాటికి సాగుతాయి. 160 ప్రాంతంలో పెట్టి ఓపిగ్గా వదిలేయాలి. వేయగానే ఒక్కో నిప్పట్టు చుట్టూ నురగ ఉరుకుతుంది, నూనె సలసలా మోగుతుంది. ఆ మోత నెమ్మదిగా తగ్గి, అంచుల్లో అక్కడొకటి ఇక్కడొకటి బుడగ మిగిలినప్పుడు లోపలి తడి పోయిందని అర్థం. అప్పుడే తీయాలి. గ్యాస్ మీద ఇంతసేపు ఒకే వేడి నిలపడం నాకు ఎప్పుడూ కష్టమే. ఫ్రయ్యర్‌లో నాబ్ తిప్పి నిలబడితే చాలు. బజ్జీలకు, ఉద్దివడలకు 175 నుంచి 180. పూరీలకు ఇంకాస్త ఎక్కువ కావాలి, కానీ పూరీని గంటెతో నొక్కి పొంగించడానికి ఇరుకు గిన్నెలో చోటు చాలదు కాబట్టి పూరీలు మాత్రం బాండలిలోనే.

బుట్ట విషయం కొన్నవాళ్ళకు ఎవరూ చెప్పరు. జారుడు పిండితో చేసేవేవీ బుట్టలో పేర్చి ముంచకూడదు, తీగలకు అతుక్కుని ఊడి రావు. బుట్టను ముందే నూనెలోకి దించి, పైనుంచి ఒక్కొక్కటే వదలాలి, లేదంటే బుట్ట తీసేసి మామూలుగా కాల్చుకోవాలి. తీసేటప్పుడు మాత్రం బుట్టకు సాటి లేదు. వేగిన పదార్థం నూనెను ఎక్కువగా పీల్చేది నూనెలో ఉన్నప్పుడు కాదు, బయటికి తీశాక. లోపలి ఆవిరి తగ్గగానే పైన అంటుకున్న నూనె లోపలికి పోతుంది. అందుకే ఎత్తిన వెంటనే బుట్టను రెండుసార్లు విదిలించి కొక్కేనికి తగిలించాలి. చల్లారాక పేపర్ మీద ఎంత ఒత్తినా పెద్ద లాభం లేదు.

ఎయిర్ ఫ్రయ్యర్ కొనుక్కోవచ్చు కదా అనేవాళ్ళకు: మంచిదే, కొనుక్కోండి, కానీ అందులో బజ్జీ రాదు.

నా పద్ధతి ఏమిటంటే ఫ్రయ్యర్‌ను వారం వారం తీయను. దీపావళి, వినాయక చవితి, పెరటాసి నెల శనివారాలు, ఇంటికి చుట్టాలొచ్చే రోజులు, అప్పుడే తీస్తాను. తీసిన రోజు నూనెను పూర్తిగా వాడుకుంటాను. ముందు నూనెను ఏమీ చేయని అప్పడాలు, వడియాలు, ఉర్లగడ్డ చిప్స్. తర్వాత మురుకులు, నిప్పట్లు. చివరగా బజ్జీలు, పకోడాలు. చేపలు ఉంటే అన్నిటికన్నా ఆఖరున, ఆ తర్వాత ఆ నూనెతో వేరే పని పెట్టుకోను. పక్క ఫ్లాట్ వాళ్ళు కూడా పిండి కలుపుకుని వస్తే ఇంకా మంచిది. ఒకే నూనెలో రెండిళ్ళ పండగ అయిపోతుంది. పై ఫ్లోర్ అక్కకు నేను చెప్పింది కూడా ఇదే: నీ ఒక్కదానికి వద్దు, నాలుగిళ్ళు కలిసి వాడేట్టయితే తీసుకో.

నూనె ఏది అన్నది మన జిల్లాల్లో పెద్ద తగాదా. గానుగ చెనిక్కాయ నూనె రుచికి నేనూ దాసురాలినే. కానీ శుద్ధి చేయని నూనెకు 160 డిగ్రీల ప్రాంతంలోనే పొగ మొదలవుతుందని లెక్క, రిఫైన్డ్ చెనిక్కాయ నూనె 230 దాకా తట్టుకుంటుంది. ఫ్రయ్యర్‌లో రిఫైన్డ్ పోసి, గానుగ నూనెను తాలింపులకు, పప్పులపొడికి ఉంచుకోవడమే న్యాయం. సన్‌ఫ్లవర్ నూనెలో త్వరగా ఆక్సీకరణ చెందే లినోలిక్ ఆసిడ్ ఎక్కువ, కాబట్టి వేపుళ్ళలో చెనిక్కాయ నూనె దానికన్నా నిలకడగా ఉంటుంది.

కడగడం, ప్లగ్గు, మంట

కొనేవాళ్ళు రెండు చూసుకోండి. ఒకటి, కాయిల్ నూనెలో మునిగి, అడుగు నుంచి కాస్త ఎత్తులో ఉండే రకం. కాయిల్ కింద నూనె అంత వేడెక్కదు, రాలిన పిండి అక్కడికి దిగి మాడకుండా ఉంటుంది. మన శెనగపిండికి ఈ ఏర్పాటు చాలా అవసరం. రెండు, గిన్నె విడిగా ఊడి రావాలి. ఊడని గిన్నెను సింక్ దగ్గర వంచి కడిగే అవస్థ పడలేకే చాలామంది నూనెను అందులోనే వదిలేస్తారు.

కాయిల్, స్విచ్చులు ఉన్న భాగాన్ని నీళ్ళలో ముంచొద్దు, తడిగుడ్డతో తుడవాలి. గిన్నెకు బంక పడితే వేడినీళ్ళు, వంటసోడా, గిన్నెల సబ్బు కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున మెత్తటి స్క్రబ్బర్‌తో రుద్దండి. ప్రతిసారీ కడిగితే ఈ బంక పట్టదు. కడిగాక పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టాలి. అడుగున నిలిచిన నీటి చుక్క ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది, పైనున్న వేడి నూనెను ఎగజిమ్ముతుంది. నూనెకు మంట అంటుకుంటే నీళ్ళు పోయకూడదన్నది కూడా ఇందుకే. స్విచ్ ఆపి, మూత పెట్టి, అది చల్లారేదాకా కదిలించకుండా ఉండాలి.

2,000 వాట్ల మిషన్‌కు గీజర్‌కు వాడే 16 ఆంప్స్ ప్లగ్ కావాలి. చిన్న సాకెట్‌కు, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు తగిలించొద్దు. వైరు గట్టు మీది నుంచి వేలాడితే పిల్లలున్న ఇంట్లో నాకు ఒకటే టెన్షన్. అందుకే నేను వంటింట్లో గోడ మూలకు పెట్టి, పని అయ్యేదాకా అక్కడి నుంచి కదలను.

మిగిలిన నూనె ఎక్కడికి?

ఇంత చెప్పాక కూడా అత్త ప్రశ్న మిగిలే ఉంది. బజ్జీలు, చేపలు పడకముందు కావాల్సినంత తీసి, పల్చటి గుడ్డలో వడకట్టి, స్టీలు డబ్బాలో పోసి, ఆ రెండు రోజుల కూరలకు వాడతాను. రాగి, ఇత్తడి గిన్నెల్లో పోయను, రాగి తగిలితే నూనె త్వరగా చెడుతుంది. కొత్త నూనె డబ్బాలో దీన్ని కలపను. మిగతాది పారేయాల్సిందే. సింక్‌లో పోస్తే పైపులో పేరుకుని మురుగు ఆగిపోతుంది, మొదటి ఫ్లోర్ వాళ్ళు అనుభవిస్తారు. చల్లార్చి, ఖాళీ నూనె ప్యాకెట్లలోనో బాటిల్లోనో పోసి, మూతి బిగించి చెత్తకు ఇవ్వడం ఒక్కటే ప్రస్తుతానికి దారి.

ఇంతకన్నా మంచి దారి ఉండాలి. వాడిన నూనె నుంచి బయోడీజిల్ చేయొచ్చు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో రూకో పేరుతో ఇందుకోసమే ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్ళు లెక్కలు రాసి, వాడిన నూనెను అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. ఇళ్ళకు అలాంటిదేమీ లేదు, ఒక్కో ఇంట్లో మిగిలేది లీటరు లోపే కాబట్టి ఎవరూ గుమ్మం దాకా రారు. కానీ తిరుపతిలో ఎన్ని వందల అపార్ట్‌మెంట్లున్నాయి! రాబోయే అసోసియేషన్ మీటింగులో నేను ఒకటే అడగబోతున్నాను: వాచ్‌మన్ గది పక్కన గట్టి మూత ఉన్న ఒక క్యాన్ పెడదామని. ముప్ఫై ఇళ్ళు పండగ నెలలో తలా అరలీటరు పోస్తే పదిహేను లీటర్లు అవుతుంది. పక్క రెండు అపార్ట్‌మెంట్లు కూడా కలిస్తే, సేకరించేవాళ్ళకు ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళమని అడగడానికి మనకూ ఒక మాట ఉంటుంది.